వెలగని పాదం

మా బావ దర్జీ. చేతిలో ఎంత పనితనం ఉందో నోట్లో అంత విషం ఉంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లను "ఊపిరి బిగబట్టి పొట్ట దాచకు, రేపు గుండీలు తెగితే నన్నడక్కు" అని పదిమందిలో పరువు తీసేవాడు. కాజాలు కుట్టే నన్నూ, కట్టుకున్న పాపానికి మా అక్కనూ మనుషుల్లో జమకట్టేవాడు కాదు. ఆయనంటే నాకు ఒళ్లుమంట. ఇప్పటికీ అంతే.

అలాంటి మనిషికి ఎడమకాలి వేళ్లు చల్లబడి, నీలంగా మారాయి. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసేది. సిగరెట్టు మాత్రం ఆరలేదు. రక్తనాళం పూడుకుపోయి ఉంటుందనీ, అదే నిజమైతే వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే పాదం దక్కదనీ డాక్టరు చెప్పాడు.

"రోజంతా మిషను తొక్కే కాలు, మొద్దుబారదా? నన్ను కోసే మొనగాడు ఇంకా పుట్టలేదు!" అని బావ ఎగిరిపడ్డాడు. అక్క ఎంత పోరినా ఒక్క పరీక్షకే ఒప్పుకున్నాడు.

పరీక్ష గదిలో అక్క అలవాటుగా వంగి ఆయన చెప్పులు విప్పింది. టెక్నీషియన్ అమ్మాయి బావ చేతి నరంలోకి ఆకుపచ్చ మందు ఎక్కించి, లైట్లు ఆర్పేసింది. ఆ మందు రక్తంతోపాటు వెళ్లిన చోటల్లా, కంటికి కనిపించని కాంతి పడితే వెలుగుతుందట. కెమెరా దాన్ని తెరమీద చూపిస్తుంది. కాసేపటికి కుడి పాదం వేళ్ల కొసలదాకా తెల్లగా వెలిగింది. ఎడమది మడమ దగ్గర మసకగా మెరిసి ఆగిపోయింది. ఆ కాలికి వేళ్లు లేనట్టే ఉంది.

అక్క గాభరాగా ఆ వేళ్లు పట్టుకుంది. తెరమీద ఆమె చెయ్యి కూడా నల్లగానే కనిపించింది. బావ పకపకా నవ్వాడు.

"చూశావా పిల్లా! దీని చెయ్యీ నల్లగానే ఉంది. ఇదేమైనా చచ్చిందా? పాత సామాన్లవాడికి వేసెయ్ నీ మిషను!"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. అక్కే ముందు నోరు తెరిచింది.

"నాకు మందు ఎక్కించలేదండీ, అందుకని వెలగలేదు. మీకు ఎక్కించారు."

ఆ మాట అని చెయ్యి తీసేసింది. బావ నవ్వు సగంలో ఆగింది. లైట్లు వేశాక చెప్పుల కోసం కాళ్లు చాపాడు. అక్క కదల్లేదు.

"డాక్టరుగారిని ఒకసారి పిలవండమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో.

ఆయన ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. జాలిపడాల్సింది, పడలేదు. కాలు దక్కాలని మాత్రం గట్టిగా కోరుకున్నాను. లేకపోతే ఆయన్ని బతికినన్నాళ్లూ మొయ్యాల్సింది మా అక్కే.