మే నెలలో మునిగిన పడవ

చదువు పూర్తయి రెండేళ్లయింది. ఎం.ఏ. తెలుగు చేసినవాళ్లకు దొరికే కొద్ది ఉద్యోగాల్లో ఒకటి నాకు దొరికింది. రాజమండ్రిలో చిన్న శాఖా గ్రంథాలయం, ఔట్‌సోర్సింగ్ కొలువు. పొద్దున్నే పేపర్లు పరిచి, తిరిగొచ్చిన పుస్తకాలు బీరువాల్లో సర్ది, మిగిలిన సమయమంతా చదువుకుంటాను. చదువుతూ చదువుతూ కిటికీలోంచి ఎటో వెళ్లిపోతాను. ఒకరోజు గోదారి మీద లాంచీ నడుపుతుంటాను. ఇంకోరోజు నా నవల పదో ముద్రణకు ముందుమాట రాస్తుంటాను.

అక్కణ్ణుంచి నన్ను జుట్టు పట్టుకుని వెనక్కి లాగే మనిషి సూర్యప్రకాశం గారు.

ధవళేశ్వరంలో కాలువలకు నీళ్లు వదిలి, కట్టే లాకుల దగ్గర ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఈ వీధిలోనే కూతురింట్లో ఉంటున్నారు. తొమ్మిదయ్యేసరికి చేతిసంచితో, చెవి వెనక పెన్సిలుతో దిగిపోతారు. పుస్తకంలో తప్పు కనిపిస్తే అంచున రాస్తారు. 'కార్తీకంలో మామిడిపళ్లా?' 'ఈ లాకు కుడి గట్టున లేదు.' 'రచయిత గోదారి చూడలేదు.' నెలకో రబ్బరు అరగదీసి అవన్నీ చెరుపుతూ వచ్చాను. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మనుషులతో మాట్లాడాలంటే నాకు భయం. అది ఆయనకు తెలుసు.

"ఏంటి అమ్మాయిగారూ, చెరిపేశారా? తప్పు పోయిందాండి మరి?" అని అడిగేవారు, అందరూ వినేలా.

ఫిబ్రవరిలో నా మొదటి కథ ఒక మాసపత్రికలో అచ్చయింది. ఆ సంచిక రాగానే బల్లమీద అన్నిటికన్నా పైన పెట్టాను. కథలో మే నెల మిట్టమధ్యాహ్నం ఒక పిల్ల పడవెక్కి, నిండు కాలువలో మునిగిపోతుంది. రాస్తూ నేనే ఏడ్చాను.

గంట తర్వాత చూస్తే పేజీకి అడ్డంగా, ఈసారి పెన్నుతో: 'మే నెలలో కాలువలు కట్టేస్తారు. ఈ పడవ బురదలో మునిగిందా?'

మందుల షాపు శ్యాంబాబు గారు పైకి చదివారు. "ఏంటమ్మా, మీ పిల్ల ములిగిపోయిందా? పాదం తడవదు కదమ్మా!" బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

నాకు తెలియక కాదు. ఎండిన కాలువలో మా అన్నయ్య వాళ్లు ఏటా క్రికెట్ ఆడతారు, గట్టు మీద కూర్చుని స్కోరు రాసింది నేనే. కథకు నీళ్లు కావాల్సొచ్చి నింపేశాను.

గ్రంథాలయం పత్రిక మీద పెన్నుతో రాస్తే సభ్యత్వం పోతుంది. ఆ నియమం వెతికి మరీ పట్టుకున్నాను. 'మీ సభ్యత్వం రద్దయింది. కార్డు అప్పగించగలరు' అని చీటీ రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదివారు. జేబులోంచి కార్డు తీసి, కండువాతో తుడిచి, నా టేబులు మీద పెట్టారు. వారానికి మూడు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లే మనిషి. దెబ్బ తగలాలనే చేశాను. తగిలింది, సంతోషించాను.

పేపర్లు చదవడానికి కార్డు అక్కర్లేదు. మర్నాటి నుంచి సరిగ్గా నాకెదురుగా కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ పత్రికవాళ్లే ఇంకో కథ అడిగారు. మళ్లీ కాలువ కథే రాయాలనుకున్నాను. ఈసారీ తప్పు దొరికితే ఆయనకెదురుగా కూర్చునే మొహం ఉండదు నాకు. ఆయన్ని అడిగితే అరనిమిషంలో తేలిపోయేది. అడగలేదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేరోజు సెలవు పెట్టి, ధవళేశ్వరం దాటి గట్టు మీద ఎండలో నిలబడ్డాను. చూసిందే రాశాను.

సెప్టెంబరు సంచిక రాగానే తీసుకెళ్లి తిన్నగా ఆయన ముందే పెట్టాను. ఆయన చెవి వెనక పెన్సిలు తీశారు. శ్యాంబాబు గారు పేపరు దించారు. ఆయన చదువుతున్న ఇరవై నిమిషాలూ నేను ఒకే కేటలాగు కార్డు పట్టుకుని కూర్చున్నాను.

"నీళ్లు బాగానే వచ్చాయండి," అన్నారు చివరికి. "ముందు చెత్త, దానెనక నురగ, ఆ తరవాత నీళ్లు. చూసే రాశారు."

పట్టుకున్న కేటలాగు కార్డు కింద పెట్టాను.

"కథలో గట్టు మీద అంతమంది ఉన్నారు, ఒక్కళ్లూ నోరు విప్పరేంటండి? అందరూ మీలాగేనా?"

శ్యాంబాబు గారు కిసుక్కుమన్నారు. జవాబు రాసిద్దామని చీటీ కోసం సొరుగు లాగాను. పైనే ఆయన కార్డు ఉంది. సొరుగు మూసేశాను.

"కార్డు మాత్రం ఇవ్వనండి!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, వరండాలో పేపరు చదువుకుంటున్నాయన లోపలికి తొంగిచూశాడు.

"అడిగానా?" అన్నారు సూర్యప్రకాశం గారు. పెన్సిలు మళ్లీ చెవి వెనక పెట్టుకుని, పేపరు తిరగేశారు.