తేనెపిట్ట గూటికి అడ్డమొచ్చిన రెమ్మ

పదవీ విరమణకు ఏడాది ముందు, మే నెలలో, ఒక దినపత్రిక వరంగల్ బ్యూరోలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌గా ఉన్నాను. హన్మకొండ పార్కులో హమ్మింగ్‌బర్డ్ గూడు పెట్టిందని ఒక పాఠకుడు ఫోన్ చేస్తే, బ్యూరో ఇన్‌ఛార్జి ఆ పని నాకు అప్పగించారు. ఆదివారం పేజీకి శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా ఫొటో డెస్కుకు చేరాలి. హమ్మింగ్‌బర్డ్ మన దేశంలో ఉండదని, అది తేనెపిట్ట అయి ఉంటుందని చెప్పాను.

"ఏదైతేంది, తల్లి పిల్లల నోట్లె పెడుతున్నట్టు కావాలె" అన్నారాయన.

గూడు మందార కొమ్మకు, నడుమెత్తున, చిన్న సంచిలా వేలాడుతోంది. లోపల రెండు పిల్లలు. ద్వారానికి అడ్డంగా ఆకుల రెమ్మ ఒకటుంది. గూటి దగ్గర దేన్నీ కదపకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. కానీ శనివారం పది దాటినా ఫొటో రాలేదు. రెమ్మను పక్కకు లాగి దారంతో కట్టి, పదిహేను అడుగుల దూరంలో కెమెరా బిగించి కూర్చున్నాను.

అంతవరకూ పది నిమిషాలకోసారి వచ్చిన తల్లి, ఈసారి ముక్కున పురుగుతో పక్క చెట్టు మీదే ఆగిపోయింది. గెంతింది, అరిచింది, గూటికి మాత్రం రాలేదు. అరగంట గడిచింది. అంతలో కంచె మీద జెముడుకాకి వాలింది. గూళ్లలోంచి పిల్లల్ని ఎత్తుకుపోయే పిట్ట అది.

తోటమాలి కొమురమ్మ నీళ్ల పైపు పడేసి వచ్చింది. "ఆ రెమ్మ గట్టింది నువ్వేనా సారూ? గూడంత బయటికి కనవడ్తాంది. తల్లికి భయం గాదా?"

"ఒక్క ఫొటో అక్కా, జర ఆగు" అన్నాను.

"నీ ఫొటో నువ్వు దీస్కొని పోతవ్. పిల్లలు సస్తే?"

లేచి గూటి దగ్గరికి నడిచాను. ముడి విప్పబోతే ఇంకా బిగుసుకుంది. ఆమే విప్పి, జెముడుకాకిని తోలింది. ఇద్దరం గేటు దాకా వెనక్కి నడిచాం. లెన్సులోంచి చూస్తూ నిలబడ్డాను. తల్లి ఇక రాదేమోనని భయపడ్డాను. ఇరవై నిమిషాలకు తల్లి ఆకుల కిందినుంచి దూరి గూట్లో తల పెట్టింది. నాకు తోక మాత్రమే కనిపించింది. షట్టర్ నొక్కలేదు.

ఉదయం పూల మీద తీసిన మగపిట్ట ఫొటోనే డెస్కుకు పంపాను. ఇన్‌ఛార్జికి జరిగింది చెబితే, గూటి దగ్గర రెమ్మను కదిపినందుకు మెమో ఇచ్చారు. వారం తర్వాత, పిల్లలు రెండూ ఎగిరిపోయాయని కొమురమ్మ చెప్పింది.

ఆ రెమ్మను కట్టడం నియమం తెలియక చేసిన తప్పు కాదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి కాస్త సడలింపు ఉంటుందనుకున్నాను. మిగిలిన ఏడాదిలో ఎవరు గూటి ఫొటో అడిగినా, గడువుకు అందకపోవచ్చని ముందే చెప్పి పనికి వెళ్లాను.