పొగిడి తెచ్చుకున్న తలుపు

దొంగతనం చేయకుండా, దబాయించకుండా, పట్టపగలు ఒక కుటుంబం వీధి తలుపును ఊడదీయించి పట్టుకుపోయిన ఘనుణ్ని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. పైగా దాన్ని బండికెక్కించింది ఆ ఇంటివాళ్లే. నవ్వాలంటే ఇప్పుడే నవ్వేయండి. తరవాత నవ్వొస్తుందన్న హామీ ఇవ్వలేను.

తెలుగు దినపత్రికలో చాలాకాలం వార్తలు దిద్ది, రియాద్‌లో ఓ ఆఫీసులో చేరిన రోజులవి. ఖసీం వైపు ఎడారి ఊళ్లలో ఒకప్పుడు ఒంటెల మీద సరుకు నడిపిన వర్తకుల మట్టిమేడలున్నాయని, వాటి తలుపుల నిండా రంగుల ముగ్గులేనని విని, ఓ శుక్రవారం కడప మస్తాన్ పికప్ ఎక్కాను. మస్తాన్ డ్రైవరు. అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు. నాకొచ్చినవి రెండే ముక్కలు: ఇకామా అంటే నివాస పర్మిట్టు, షుక్రన్ అంటే థాంక్స్.

మేడలన్నీ వానకు తడిసిన బెల్లం దిమ్మల్లా కుంగిపోయాయి. ఒక్క ఇంట్లోనే మనుషులున్నారు. కొడుకులు కొత్త విల్లాకు రమ్మన్నా కదలని అబూ సాలిహ్ అనే ముసలాయన మమ్మల్ని పిలిచి ఖర్జూరాలు పెట్టి, గహ్వా అనే అరబ్బీ కాఫీ పోశాడు. నా కళ్లు మాత్రం ఆయన వీధి తలుపు మీదే. ఎరుపు, పసుపు, నలుపు చుక్కలతో, ఆ బూడిదరంగు ఊళ్లో అదొక్కటే ప్రాణమున్నట్టుంది.

"ఇంత అందమైన తలుపు నేనెక్కడా చూడలేదని చెప్పవయ్యా!"

మస్తాన్ చెప్పాడు. ముసలాయన గుండె మీద చేయి పెట్టుకుని ఏదో అన్నాడు.

"తలుపు మీదేనంట సార్" అంటూ మస్తాన్ ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

"షుక్రన్!" అన్నాను, రెండు చేతులూ జోడించి.

మస్తాన్ గొంతులో ఖర్జూరం ఇరుక్కుంది.

"ఏంది సార్ ఇది! మర్యాదకన్నాడు. మనం వద్దు వద్దనల్ల గదా!"

"మా ఇంట్లో పెట్టిన చేతిని తోయడం తప్పు."

"పెట్టింది పులిహోర గాదు సార్, తలుపు!"

"అయితే ఇప్పుడు వద్దను."

"ఇంగేం వద్దనేది? పుచ్చుకోని వద్దంటే ఆయన ఇచ్చినదానికి వంక పెట్టినట్టు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అక్కడ పొగిడితే చాలు, తలుపులూడదీసి పెడతారు. శుక్రవారమని తండ్రిని చూడొచ్చిన కొడుకులు బందులు విప్పారు. ముసలాయన తన తలగుడ్డ అంచుతో తలుపు మీది దుమ్ము తుడిచాడు. వాళ్ల తాత వేయించిన రంగులట. దారిపొడుగునా మస్తాన్ బండిని శవాన్ని తీసుకెళ్తున్నట్టు నెమ్మదిగా నడిపాడు. చెక్‌పోస్టు దగ్గర పోలీసు బండిలోకి తొంగిచూసి ఏదో అడిగాడు.

"ఇల్లు వెనకాల వస్తాందా అంటాండాడు" అన్నాడు మస్తాన్.

వారమంతా ఆ తలుపు నా మంచానికి ఎదురుగా గోడకానుకుని నిలబడింది. దాన్ని తుడిచిన ఆ తలగుడ్డే గుర్తొచ్చేది. మరుసటి శుక్రవారం దాన్నెత్తుకుని మళ్లీ వెళ్లాం. గుమ్మానికి కంబళి వేలాడుతోంది. ఇసుకగాలికి అది లేచినప్పుడల్లా లోపలి పరుపులు, కూజాలు వీధిలోకి కనిపిస్తున్నాయి. తలుపును చూసి ముసలాయన ముఖం నల్లబడింది.

"ఏం లోపం కనబడిందంటాండాడు సార్."

 మస్తాన్ తడుముకోకుండా ఏదో చెప్పాడు. ముసలాయన తలూపాడు.

"ఏం చెప్పావు?"

"సార్ గది ఇరుకు, తలుపు సార్‌దే, మీ గుమ్మంలో అమానత్‌గా పెట్టుకోండి అన్నా."

తలుపు బందులకెక్కింది. నేను బయటపడ్డాననుకున్నాను. అమానత్‌ను, అంటే నమ్మి దాచమన్న పరాయి సొత్తును, ఆయన ఎంత గట్టిగా పట్టుకుంటాడో నాకేం తెలుసు? అప్పటినుంచి మస్తాన్‌కు ఫోన్లే ఫోన్లు.

"సార్, మీ తలుపు కిర్రుమంటాందంట. నూనె పుయ్యొచ్చునా?"

"పూయమను."

"సార్, మీ తలుపుకు మేకు కొట్టొచ్చునా?"

"నన్నడగడమేమిటయ్యా?"

"మీది గదా సార్."

ఓ చలికాలం పొద్దున మస్తాన్ మళ్లీ ఫోన్ చేశాడు. నేనే ముందందుకున్నాను.

"ఈసారేం పూయాలట?"

"పెద్దాయన పోయినాడు సార్."

నేను లేచి నిలబడ్డాను.

"పెద్ద కొడుకు అడగమన్నాడు. పరామర్శకొచ్చే జనం కోసం తలుపు మూయకుండా పెట్టల్లంట. ఇసుకగాలికి రంగు పోతాది, తలుపుగలాయన సెలవు లేంది పెట్టొద్దని పెద్దాయన ముందే చెప్పిపెట్టినాడంట."

తెరిచే ఉంచమన్నాను. రంగు పోతే పోనిమ్మన్నాను.

ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను. సమస్త దేవతల సాక్షిగా, ఇకమీదట పరాయి ఇంట్లో నేను పొగిడేది కాఫీ ఒక్కదాన్నే. అదీ తాగేశాక.