మట్టిని కొట్టే చెక్క

బొమ్మలు గీయించి, మట్టి పిసికించి, మనసులో గడ్డకట్టినదాన్ని బయటికి రప్పించడం నా పని. ఆ పని చేసేవాళ్లకు నెల్లూరులో ఒక వృత్తి సంఘం ఉంది. చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఒక నియమం ఉంది: గదిలో కొట్లాట జరిగితే ముందు సంఘం పెద్దక్కకు ఫోన్ చేయాలి, మనం చెయ్యి ఎత్తకూడదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టేశాను.

తోటపల్లి గూడూరు దగ్గర ఒక చర్చి వెనక గదిలో శనివారాలు మట్టి పని చేయించేదాన్ని. రొయ్యల కంపెనీలో తలలు తీసే ఆడవాళ్లు వచ్చేవారు. వాళ్లలో ఒకామె ప్రతిసారీ మట్టితో మగమనిషిని చేసేది. చేసి, అది మళ్లీ ముద్దయ్యేదాకా చెక్కతో ధబీ ధబీమని బాదేది. తర్వాత చేతులు కడుక్కుని, "ఈ వారానికి చాల్లేక్కా" అని నవ్వేది. ఈ గంటే లేకపోతే ఇంట్లో కత్తిపీట ఎత్తేస్తానని ఒకసారి నాతో అంది.

కంపెనీలో ఎవరో వాగినట్టున్నారు. ఒక శనివారం ఆమె మొగుడు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు.

"నా బొమ్మ చేసి కొడతా ఉండావంటనే!"

జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి, రక్తం మట్టి మీద పడింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టి ఆమె చెక్క అందుకున్నాను. వీపున ఒకటి, భుజాన ఒకటి, మోకాళ్ల మీద రెండు. వాడు కుంటుకుంటూ పారిపోయాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అబద్ధమెందుకు, నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

మర్నాడు సంఘం సమావేశంలో ఇదంతా గొప్పగా చెప్పాను. పెద్దక్క నవ్వలేదు.

"నువ్వు కొట్టి నీ ఇంటికి పోయినావు. ఆ బిడ్డ యాడికి పోయిందమ్మా?"

పెద్దక్క, సంఘంలో ఇంకొకామె అప్పుడే నాతో కారెక్కారు.

ఆ బిడ్డ తన ఇంటి వాకిట్లో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి విరిగి వేలాడుతోంది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.

"మీరు నాలుగు దెబ్బలు కొట్టినారక్కా. ఆయన ఒక్కోదానికి పది బదులిచ్చినాడు" అంది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి, పోలీసు ఫిర్యాదు అన్నీ సంఘమే చూసుకుంది. ఆమెను నాయుడుపేటలో ఉన్న సొంత అక్క ఇంటికి చేర్చింది. అక్కడికి ప్రతి శనివారం పెద్దక్కే వెళ్లి మట్టి పని చేయించారు. నేను పని చేయించకూడదని, నేర్చుకునేవాళ్ల వరుసలో కూర్చోవాలని సంఘం తీర్మానించింది. ఒప్పుకున్నాను. ఆమె కూడా నన్ను అక్కడికి రానిమ్మందట.

వెళ్లిన మొదటి రోజు ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒంటిచేత్తో మగమనిషిని చేసింది. దాన్ని నా ముందుకు జరిపి, చెక్క నా చేతికిచ్చింది.

"దీన్ని కొట్టండక్కా. దీనికి ఇంట్లో పెళ్లాం లేదు."