లంక పుచ్చుకున్న స్వామి, ఆగిపోయిన మిరపకాయలు

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు చేతకాదు. నా కథనంలో దూరం కనబడితే సగం చేసుకోండి, జనం కనబడితే నాలుగో వంతు చేసుకోండి, నా ధైర్యం కనబడితే పూర్తిగా కొట్టేయండి. మిగిలింది నమ్మి మీరూ ఈ దారిన బయలుదేరవచ్చు.

జగ్గయ్యపేట పక్కన గుట్ట మీద పాత బౌద్ధ స్తూపం ఉందని విని, చూసి రాత్రి భోజనానికి ఇల్లు చేరదామని ఫాల్గుణ మాసంలో ఒకనాడు ఉదయం ఆరూ పదికి బెజవాడలో బస్సెక్కాను. ముగ్గురి సీటులో తొమ్మిది మందిమి సర్దుకున్నాం. పదోవాడు మా మోకాళ్ల మీద ప్రయాణం చేశాడు. ఏడున్నరకు కంచికచర్లలో కాఫీ తాగాను. ఆ గ్లాసు వేడికి నందిగామ దాకా వేళ్లు ఊదుకుంటూనే ఉన్నాను.

నా పక్కన కూర్చున్నాయన నందిగామలో బట్టల వర్తకుడు. దారంతా స్వామివారి గురించే చెప్పాడు.

"మీరూ నందిగామలో దిగిపోండి. మా ఊళ్లో తొమ్మిది రోజుల రామాయణ ప్రవచనం. ఇవాళ ఆఖరు. స్వామివారు రెండోనాడే లంక పుచ్చేసుకున్నారండీ!"

"ఎవరి దగ్గర్నుంచి?"

"ఇంకెవరు, సింహళం వాళ్ల దగ్గర్నుంచి! లంక రాముడు గెలిచిన ఆస్తి, వారధి కూడా మనదే, సైన్యం నడిచి వెళ్లి పట్టుకోవాలి అని మైకులో చెప్పేశారు. చప్పట్లే చప్పట్లు. మద్రాసు పేపర్లో కూడా పడింది."

"సైన్యంలో మీరు చేరుతున్నారా?"

"నాకు కొట్టుంది కదండీ" అని ఆయన నందిగామలో దిగిపోయాడు.

తొమ్మిదింబావుకు జగ్గయ్యపేట చేరాను. ఇడ్లీ తిని గుట్ట ఎక్కాను. వెళ్లేవాళ్లు గొడుగు పట్టుకెళ్లండి, నీడ దొరకదు. నా అంచనాలో ఆ గుట్ట హిమాలయాలకు రెండడుగులు తక్కువ. పైన గుండ్రంగా పరిచిన రాళ్లు, వాటి మీద రెండు మేకలు. ఒకప్పుడు ఇక్కడికి సముద్రాలు దాటి భిక్షువులు వచ్చేవారట. మేకలు మాత్రం దగ్గరి ఊరివే.

పదకొండున్నరకు దిగి బస్సుల వైపు వస్తుంటే మిరపకాయల గోదాం ముందు ఆడవాళ్లు నేల మీద కూర్చుని కనబడ్డారు. మూడు వందల మంది. తలుపుకు తాళం. అరుగు మీద గోదాం యజమాని శెట్టిగారు ఒక తంతి కాగితం, అదే టెలిగ్రాం, పట్టుకుని, తిరగేసి చూస్తే మంచి వార్త కనబడుతుందేమో అన్నట్టు తిప్పుతున్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

"స్వామివారు లంక పుచ్చుకున్నారు. లంకవాడు నా మిరపకాయలు పుచ్చుకోనంటున్నాడు" అన్నారు శెట్టిగారు.

జరిగింది ఇదీ. ఏటా ఈ గోదాములో తొడిమలు తీసిన ఎండు మిరపకాయలు బస్తాలకెత్తి కొలంబో పంపుతారు. మద్రాసు పేపర్లో పడిన మాట కొలంబో పేపర్లోనూ పడింది. అక్కడి వర్తకుడు పొద్దున్నే తంతి కొట్టాడు: ఆ మాట వెనక్కి తీసుకునేదాకా బస్తాలు ఎక్కించవద్దు. బస్తాలు ఆగితే తొడిమలు తీసే పనీ ఆగింది. పంట ఉన్న ఈ రెండు నెలల పనే వాళ్లకు ఏడాదిలో సగం తిండి.

ఆ ఆడవాళ్లకు పెద్ద నాగరత్నమ్మ. యాభై ఏళ్లుంటాయి. ముక్కుకు అడ్డం కట్టిన కొంగు విప్పి నా వైపు చూసింది.

"బాబుగారూ, మీకు రాయడం వచ్చా?"

"అదొక్కటే వచ్చు."

"అయితే మాతో నందిగామ రండి. ఆ సామి చేత ఈ కాగితం మీద సంతకం పెట్టించాలి." ఆవిడ చేతిలో పోస్టాఫీసు నుంచి తెచ్చిన ఖాళీ తంతి ఫారం ఉంది. ఏం రాయాలో తనే చెప్పింది, నేను రాశాను: లంక విభీషణుడిదే. మాకు వద్దు. మిరపకాయలు పంపుతున్నాం.

ఒంటిగంటన్నర బస్సుకు మూడు వందల మందీ ఎక్కారు. "బస్తాలకైతే టాపు మీద చోటుంది, మిరప ఘాటుకి ఎక్కడివ్వనమ్మా చోటు?" అన్నాడు కండక్టరు. ఆ మాట అంటూనే పదకొండు తుమ్ములు తుమ్మాడు. డ్రైవరు తుమ్మినప్పుడల్లా బస్సు పక్కనున్న సరిహద్దు దాటి హైదరాబాదు రాష్ట్రంలోకి వెళ్లి వచ్చింది.

"సామికి కోపం వస్తేనో?" అని ఒక చిన్నది నాగరత్నమ్మను అడిగింది.

"రానీవే. ఆయన కోపం సాయంత్రానికి తగ్గుద్ది. మన ఆకలి తగ్గుద్దా?"

నందిగామలో మూడు గంటలకు పెసరట్టు తిన్నాను. నాలుగింటికి పందిట్లోకి వెళ్లాం. లక్షమంది జనం. ఆఖరి రోజు కనుక, ప్రవచనం ముగిశాక సందేహాలు అడగవచ్చన్నారు. స్వామివారి ఎదుట ముందు వరసలో ఉన్నవాళ్లు మోక్షం గురించి అడిగారు. అప్పుడు నాగరత్నమ్మ లేచింది.

"సామీ, లంక రాముడు గెలిచిన ఆస్తి అన్నారంట. గెలిచి ఏం చేశాడు? విభీషణుడికి పట్టం కట్టి ఇచ్చి రాలా? ఇచ్చినదాన్ని ఇప్పుడు లాక్కోమంటే, మా రాముణ్ణి మాట తప్పమంటన్నారా మీరు?"



"అది పురాణం. ఇది రాజకీయం" అన్నారు స్వామివారు.

"మరి పురాణం చెప్పే పీట మీద కూర్చుని రాజకీయం ఎందుకు చెప్పారు? మీరు పీట దిగి ఇంకో ఊరు పోతారు. ఆ మాట మాత్రం మా గోదాం తలుపుకి తాళమేసి కూర్చుంది. ఇదుగో ఫారం. సంతకం పెట్టండి."

మా ఆడవాళ్ల కొంగుల నుంచి వస్తున్న మిరప ఘాటుకు స్వామివారు వరసగా ఇరవై ఏడు తుమ్ములు తుమ్మారు. నక్షత్రానికి ఒకటి చొప్పున. అప్పుడు నేను లేచి నిలబడి, "స్వామీ, కలం నా దగ్గరుంది!" అని సింహంలా గర్జించాను. ఆయన కళ్లు తుడుచుకుని సంతకం పెట్టారు.

ఆరూ పదికి బెజవాడ బస్సు దొరికింది. పరిటాల దాటాక చల్లగాలి తగిలింది, దానితోపాటు సిగ్గూ వచ్చింది. ఆ సంతకం నేను కల్పించాను. ఆడవాళ్లు మూడు వందలు కాదు, పద్నాలుగు మంది. తుమ్ములు మూడు. నేను గుంజ వెనక కూర్చున్నాను, గర్జన కాదు కదా దగ్గు కూడా రాలేదు. స్వామివారు "ఆడవాళ్లకెందుకీ విషయాలు" అని లేచి కారెక్కి వెళ్లిపోయారు. చప్పట్లు కొట్టిన జనం కూడా ఆయన వెనకే వెళ్లారు.

ఆవిడ మాటలు మాత్రం ఒక్కక్షరం నేను కల్పించలేదు. కారు వెళ్లేదాకా ఫారం చాచి పట్టుకునే నిలబడిందన్నది నిజం. తరువాత నా వైపు తిరిగి, "ఆయన పేరు లేకపోతే ఏం, నా పేరు లేదా? రాయండి బాబుగారూ" అన్నదీ నిజం. పోస్టాఫీసు మూయబోతుంటే పద్నాలుగు మందీ కొంగుముడులు విప్పి డబ్బు కట్టి ఆ తంతి కొలంబో వర్తకుడికి కొట్టించారు. కింద పేరు నాగరత్నమ్మ. పోస్టుమాస్టరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, విభీషణుడి స్పెల్లింగు కోసం నన్ను అడిగాడు. ఆ రోజు నేను చేసిన ఏకైక వీరకార్యం అదే.

దేశాలను చప్పట్ల కోసం పుచ్చుకునే పెద్దలు ఏ మతంలో ఉన్నా నా వినతి ఒకటే. మైకు ముందు కూర్చునే ముందు జగ్గయ్యపేట బస్సెక్కండి. తుమ్మకుండా దిగగలిగితే అప్పుడు మాట్లాడండి.

పది రోజులకు శెట్టిగారు ఉత్తరం రాశారు. బస్తాలు ఎక్కించమని కొలంబో నుంచి తంతి వచ్చిందట. ఆ తంతి చివర ఒక ప్రశ్న: "నాగరత్నమ్మగారు మీ ప్రభుత్వంలో ఏ పదవిలో ఉన్నారు?" ఏం జవాబివ్వాలని శెట్టిగారు ఆవిడనే అడిగారట.

"తొడిమలు తీస్తానని రాయండి శెట్టిగారూ. ఇంకో సామి ఇంకో దేశం పుచ్చుకుంటే మళ్లీ తంతి కొడతానని కూడా రాయండి" అన్నదట ఆవిడ, చేతిలో పని ఆపకుండా.