మగ్గం గుంతలో దాక్కున్న రోజు

ఆదోని మార్కెట్లో పచ్చి వేరుశనగ చెట్ల వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

అప్పుడు నాకు ఏడేళ్లు. జింకల మందలు పంటలు మేస్తుంటే, వాటికి దెబ్బ తగలకుండా తరిమేందుకు మా ఊరివాళ్లు ఇంటికొకరు కాపలా వంతులు వేసుకున్నారు. "జింక మీద చెయ్యి పడితే ఫారెస్టోళ్లు పట్టుకపోతారు" అని దండోరా కూడా వేయించారు.

మా వంతు రోజు నాన్న వెంట మా వేరుశనగ చేనికి వెళ్లాను. సాళ్ల మధ్య ఒక జింకపిల్ల ముడుచుకుని పడుకుని ఉంది. వీపు నిమిరాను. వెచ్చగా వణికింది. అంతలో దూరంగా ఫారెస్టు జీపు కనిపించింది. ఒక్క పరుగున ఇంటికొచ్చి, అవ్వ నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో దాక్కున్నాను.

"ఏమైంది పాపా?" అంది అవ్వ.

"జింకపిల్లను ముట్టుకున్నా. నన్ను జైల్లో ఏస్తారు."

అవ్వ ముఖం పాలిపోయింది. "యాడుంది అది? రేపు చెట్లు పీకను ఆ చేలో ట్రాక్టరు దిగుతాది గదా! పా, సూపిద్దువు."

అవ్వను చేనికి తీసుకెళ్లి చూపించాను. జీపులో వచ్చినాయన నన్నేమీ అనలేదు. "ఈడ నాలుగు సాళ్లు పీకొద్దప్పా" అన్నాడు. నాన్న సరేనన్నాడు. అందరూ దూరంగా గట్టు మీద నిలబడ్డారు.

పొద్దు వాలేవేళ తల్లి జింక వచ్చింది. పిల్లను చాలాసేపు వాసన చూసి, నాకింది.

నా చేతి వాసనకు తల్లి పిల్లను వదిలేస్తుందేమోనని వాళ్లంతా నాకంటే ఎక్కువ భయపడ్డారట. ఆ మాట ఆ రోజు నాతో ఒక్కరూ అనలేదు.