గట్టు రోడ్డు మీద నేనన్న మాట

స్టీరింగ్ పట్టుకుంటే నేను మనిషిని కాను. ఈ మాట మా ఆయన అన్నప్పుడల్లా పోట్లాడేదాన్ని గానీ, ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను. ఏలూరులో ఇంటి ముందు కారెక్కగానే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటాను. మా అమ్మమ్మ మిషన్ బడిలో చదువుకున్న రోజుల నుంచీ మా ఇంట్లో ప్రయాణానికి ముందు ప్రార్థన తప్పదు. ఆమెన్ అని కళ్ళు తెరిచి గేరు వేస్తానా, ఊరు దాటేలోపే ఇద్దరు ఆటోవాళ్ళనీ ఒక పాల సైకిలునీ తిట్టేసి ఉంటాను. అద్దాలు ఎత్తి ఉంటాయి కాబట్టి వాళ్ళకు వినపడదు. వినపడదన్న ధైర్యంతో ఇంకాస్త ఎక్కువే తిడతాను.

పైగా నేను ప్రధానోపాధ్యాయురాలిని. కొల్లేటిలో ఒక లంక ఊరి బడి నాది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాల కంటే ముందు పెద్దవాళ్ళను 'అండీ' అనడం నేర్పుతాను. నిజానికి మా వైపు అది నేర్పాల్సిన పని కాదు. ఇక్కడి జనం కోపం వచ్చినా అండీని వదలరు. నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా పక్కింటివాళ్ళూ వాళ్ళ పక్కింటివాళ్ళూ గోడ దగ్గర తగువు పడి, 'మీకు బుద్ధుందాండీ', 'మీకు లేదాండీ' అని ఒక పూటంతా అరుచుకున్నారు. మర్నాడు మళ్ళీ మాట్లాడుకున్నారు. అండీ తీసేసి ఉంటే ఆ మాటలు మళ్ళీ కలిసేవి కావు.

బడికి గంట ప్రయాణం. తొమ్మిది లోపు బడి ఆవరణలో నిలబడి హాజరు కోసం ఫోనులో ముఖం చూపించాలి. ఒక్క నిమిషం దాటినా ఆలస్యమని పడుతుంది. ఆ ఫోను భయం ఇంటి దగ్గర నుంచే నా కాలిని యాక్సిలరేటర్ మీద నొక్కుతూ ఉంటుంది. ఫోను మీద ఎంత నెపం వేసినా, సెలవు రోజున కూడా నేను అలాగే నడుపుతానని మా ఆయనకు తెలుసు.

కైకలూరు రోడ్డు వదిలి లోపలికి తిరిగాక దారంతా చేపల చెరువుల గట్ల మీదుగా పోతుంది. రెండు పక్కలా నీళ్ళే. చేపల లారీలు తిరిగి తిరిగి తారు అంచులు విరిగిపోయాయి. సైకిలు మీద పోయేవాళ్ళు అంచున తొక్కరు, తొక్కితే చక్రం కంకరలో జారి చెరువులో పడతారు. అందుకని రోడ్డు నడిమధ్యలో పోతారు. నాలుగేళ్ళుగా ఆ దారిన పోతున్నదాన్ని, ఈ సంగతి నాకు బాగా తెలుసు. అయినా రోజూ పొద్దున్నే వాళ్ళంతా నాకు అడ్డం రావడానికే సైకిళ్ళు ఎక్కారని అనిపించేది.

పోయినేడు దసరా సెలవులయ్యాక బడి తెరిచిన వారంలో ఇది జరిగింది. నా ముందు ఒకాయన సైకిలు తొక్కుతున్నాడు. వెనక క్యారేజీ మీద తౌడు బస్తా, దాని మీద ఖాళీ సంచుల కట్ట. హారన్ కొట్టాను, తప్పుకోలేదు. మళ్ళీ కొట్టాను. ఒక చెయ్యెత్తి కాస్త ఆగమన్నట్టు ఊపాడు. ముందు ఎక్కడో అంచు బాగున్న చోట తప్పుకుంటానని ఆ చెయ్యి అర్థం. నాకది పోపోవమ్మా అని తీసిపారేసినట్టు కనిపించింది. ఒళ్ళు మండిపోయింది. హారన్ మీద చెయ్యి తియ్యకుండా నొక్కిపట్టి, ఉన్న కాస్త సందులోంచి కారు దూర్చాను.

కారు తగిలిందో లేదో ఇప్పటికీ తెలియదు. అద్దంలో చూస్తే సైకిలు పడి ఉంది, ఆయన గట్టు వాలులో చేతి మీద పడి ఉన్నాడు. బస్తా పగిలి తౌడు రోడ్డంతా పరుచుకుంది. కారు ఆపి దిగాను. దిగినందుకు చాలా రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. కానీ దిగి అడగాల్సింది అడగలేదు. లోపలి భయమంతా నోట్లోంచే వచ్చింది. అద్దాల వెనక రోజూ తిట్టే తిట్టు అద్దం లేకుండా బయటికొచ్చింది. ఏమన్నానో ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. మా నాన్న వయసు మనిషిని అనే మాట కాదు. అందులో అండీ మాత్రం లేదు.

ఆయన లేచి, ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని నా వైపు చూశాడు. నేనెవరో ఆయనకు తెలుసు.

"పర్లేదండీ మేడమ్ గారూ. మీకు బడి టైమవుతుంది, ఎల్లండి" అన్నాడు.

మా వైపు పర్లేదండీ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. జ్వరంతో మూలుగుతున్న మనిషీ పర్లేదండీ అంటాడు, ఆకలితో వచ్చిన చుట్టమూ పర్లేదండీ అంటాడు. రెండోసారీ మూడోసారీ అడిగితేనే అసలు సంగతి చెబుతారు. నేను రెండోసారి అడగలేదు. కారెక్కి వెళ్ళిపోయి, ఇంకా రెండు నిమిషాలుండగానే ఫోనులో ముఖం చూపించాను. ఫోను నన్ను గుర్తుపట్టింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా దారిలో ఆయన కోసం చూశాను, కనపడలేదు. మా బడిలో పిల్లలకు వండే ఆవిడది బడి ఉన్న ఊరే. మాటల్లో మాటగా, ఊళ్ళో అందరూ బాగున్నారా అని అడిగాను. చెరువులో మేత కట్టే పెద్దాయన సైకిలు మీద పోతూ కళ్ళు తిరిగి పడిపోయాడట, మణికట్టు ఎముక చిట్లి పిండికట్టు వేశారట అని చెప్పింది. కళ్ళు తిరిగి అని ఎవరన్నారని అడిగాను. ఆయనే చెప్పాడంది.

నిజం చెప్పొద్దూ, ముందు నా ప్రాణం కుదుటపడింది. ఆయన నా పేరు ఎత్తలేదు. ఎంత మంచివాడు, నా పరువు కాపాడాడు అనుకున్నాను. కానీ ఆ ఊరట ఒక్క పూట కూడా నిలవలేదు. తరగతిలో సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఏం రాయాలో మరచిపోయేదాన్ని. ఇంట్లో కూర్చుంటే లేచేదాన్ని, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. ఇవాళ వెళ్ళి పలకరిద్దాం అనుకుంటూ ఆయన వీధి మలుపు దాకా వెళ్ళి, రెండుసార్లు కారు వెనక్కి తిప్పేశాను. అలా ఆరేడు వారాలు గడిచాయి.

పిండికట్టు తీసేశారని వంటావిడే చెప్పింది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. చెరువు యజమాని ఆయన్ని మళ్ళీ పనిలోకి రానివ్వడం లేదట.

మేత కట్టడం అంటే ఏమిటో చెప్పాలి. చెరువు మధ్యలో వరసగా గెడలు పాతి ఉంటాయి. తౌడు నింపిన చిల్లుల సంచులను దోనెలో, అంటే చిన్న పడవలో, వేసుకుని ఒక్కడే వెళ్ళి, గెడ గెడకూ సంచి కట్టి రావాలి. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. లోతు నీళ్ళు, పక్కన ఎవరూ ఉండరు. కళ్ళు తిరిగే మనిషిని అలా ఒక్కణ్ణీ పంపాక ఏదైనా జరగరానిది జరిగితే ఎవరు జవాబు చెప్పుకోవాలి అన్నాడట యజమాని. అందులో తప్పు పట్టడానికేముంది? ఇరవై ఏళ్ళు పైగా ఆ పనే చేసిన మనిషి, నీళ్ళలో ఎన్నడూ తూలనివాడు, నా కారు వల్ల పడి, కళ్ళు తిరిగాయని తానే చెప్పుకుని దోనెకు దూరమయ్యాడు. జరిగింది చెప్పగలిగేది నేనొక్కదాన్నే. చెబితే ఊళ్ళో నా మర్యాద పోతుంది, చెప్పకపోతే ఆయన పని పోతుంది.

శనివారం బడి అయ్యాక చెరువు గట్టు మీదున్న రేకుల షెడ్డుకు వెళ్ళాను. ఐదారుగురు కూలీలు లారీలోంచి తౌడు బస్తాలు దించుతున్నారు. యజమాని కుర్చీ వేయించి కొబ్బరిబొండం కొట్టించాడు. నేను నిలబడే చెప్పాను. ఆయనకు కళ్ళు తిరగలేదు, నా కారు వల్ల పడ్డాడు, తప్పు నాది అన్నాను.

యజమాని నా ముఖంలోకి చూసి చిన్నగా నవ్వాడు. "మీది పెద్ద మనసండీ మేడమ్ గారూ. ఆయన పని కోసం మీరు నింద నెత్తిన వేసుకుంటన్నారు" అన్నాడు.

కాదండీ, నిజమండీ అన్నాను. ఎంత మర్యాదగా చెబితే అది అంత జాలిలా వినపడుతోంది. చివరికి యజమాని మనిషిని పంపి ఆ పెద్దాయన్నే పిలిపించాడు. ఆయన వచ్చి షెడ్డు గుంజ పక్కన నిలబడ్డాడు. ఎడమచెయ్యి ఇంకా సన్నబడే ఉంది. మేడమ్ గారు చెప్పేది నిజమేనా అని యజమాని అడిగాడు.

"లేదండీ. మేడమ్ గారు జాలి పడి అంటన్నారండీ. నాకు కళ్ళు తిరిగినియ్యండీ" అన్నాడు ఆయన నేల చూస్తూ.

అప్పుడు నాకు కోపం వచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆయన మీదే వచ్చింది. ఇన్ని వారాలు నలిగి నలిగి, ధైర్యం కూడగట్టుకుని నిజం చెప్పడానికి వస్తే, చెప్పనివ్వకుండా అడ్డం నిలబడతాడేమిటి? రోడ్డు మీద వచ్చిన కోపమే, అచ్చం అదే. హారన్ మీద చెయ్యి పెట్టినట్టే గొంతు పెంచాను.

"జాలి కాదండీ! ఆ రోజు నేను ఈయన్ని ఏమన్నానో తెలుసా మీకు? ఒరేయ్ ముసలి దున్నపోతా, రోడ్డు నీ బాబుదనుకున్నావా అన్నాను. జాలి పడేదాన్నైతే అలా అంటానా?"

బస్తాలు దించేవాళ్ళు ఆగిపోయారు. యజమాని నవ్వు పోయింది. అలాంటి మాట ఎవరూ కల్పించి చెప్పుకోరు, అందులోనూ ఒక పంతులమ్మ. సోమవారం నుంచి దోనె ఎక్కమన్నాడు. పెద్దాయన తలెత్తలేదు. నాకు నమస్కారం కూడా పెట్టకుండా గట్టు దిగి వెళ్ళిపోయాడు. సంతోషంతో మాట రాలేదేమో అనుకున్నాను. మర్నాడు చర్చిలో కుదురుగా కూర్చున్నాను. ఎన్నాళ్ళకో పాట మనసు పెట్టి పాడాను. తప్పు ఒప్పుకున్న మనిషికి దొరికే హాయి నాకూ దొరికిందనుకున్నాను.

ఆ హాయి వారం రోజులు ఉంది. ఆ తర్వాత ఒక పొద్దున గట్టు మలుపులో లారీ అడ్డం ఉంటే కారు ఆపి అద్దం దించాను. టీ బడ్డీ దగ్గర ఆ రోజు షెడ్డులో బస్తాలు దించిన కూలీలు నలుగురు కూర్చున్నారు. పెద్దాయన సంచుల కట్ట భుజాన వేసుకుని నడుచుకుంటూ వస్తున్నాడు. వాళ్ళలో ఒకడు ఎంతో వినయంగా లేచి నిలబడి పలకరించాడు.

"దున్నపోతు గారూ, మేతకెళ్తన్నారాండీ?"

మిగతావాళ్ళు టీ గ్లాసుల్లోకి నవ్వుకున్నారు. గారూ ఉంది, అండీ ఉంది, ఒక్క మర్యాదా తగ్గలేదు. రోజూ జరిగేదే అన్నట్టు ఆయన "అవునండీ" అని ముందుకు నడిచాడు.

కారు అక్కడే వదిలేసి ఆయన వెనకే రేవుకు పరిగెత్తాను. ఆయన అప్పటికే సంచులు దోనెలో సర్దుతున్నాడు. నేను ఆ మాట చెప్పకపోతే యజమాని నమ్మేవాడు కాదని, మీ మంచి కోసమే చెప్పానని ఏదేదో అన్నాను. ఆయన మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు.

"మనిషన్నాక కళ్ళు తిరుగుతాయండీ, పడతాడండీ. అది చెప్పుకోడానికి సిగ్గేముందండీ" అన్నాడు. "దోనె పని పోతే గట్టు మీద ఇంకో పని చూసుకునేవోణ్ణండీ. మీరన్న మాట మా ఇంట్లో ఆడమనిషికి కూడా చెప్పలేదండీ నేను. అది నాతోనే పోయేదండీ."

ఇన్నాళ్ళూ ఆయన కాపాడుతున్నది నా పరువనుకున్నాను. క్షమించండి అన్నాను, గట్టిగానే అన్నాను. ఆయన చప్పున నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. టీ బడ్డీ దగ్గర కూర్చున్న నలుగురూ మా మాటలు వినడానికి రేవు దాకా వచ్చి నిలబడ్డారు.